కిటికీ సీట్లోంచి విమానాన్ని చదవడం ఎలా

విమానంలో ముఖ్యమైన భాగాలేవని అడిగితే పుస్తకాలు అయిదు చెబుతాయి: ఫ్యూజలేజ్ (మొండెం), రెక్కలు, తోక, ల్యాండింగ్ గేర్ (చక్రాలూ వాటి స్తంభాలూ), ఇంజన్. ఒక బొమ్మ వేసి, బాణం గుర్తులు గీసి పేర్లు రాస్తాయి. చిన్నప్పుడు ఆ బొమ్మను బట్టీ పట్టాను, పరీక్షలో గీశాను, మార్కులూ వచ్చాయి. తర్వాత చాలా ఏళ్లకు మొదటిసారి విమానం ఎక్కితే, దిగే ముందు రెక్క వెనక అంచు నుంచి పెద్ద పెద్ద పలకలు జారుకుంటూ బయటికొచ్చాయి. రెక్క ఊడిపోతోందనుకుని నా చేతులు చల్లబడిపోయాయి. అవి ఫ్లాప్‌లు. పేరు తెలుసు గానీ ఎదురుగా కనిపిస్తే పోల్చుకోలేకపోయాను.

అందుకే బొమ్మ పక్కన పెట్టి, ఒక్క ప్రయాణంలో మొదట్నుంచి చివరిదాకా ఏ భాగం పనిచేసే వేళకు దాన్ని చూడమంటాను. దీనికి కిటికీ సీటు, కాస్త ఓపిక ఉంటే చాలు. ప్రతి దశలోనూ మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ క్షణంలో ఇంత బరువునూ మోస్తున్నది ఎవరు? ప్రయాణం సాగేకొద్దీ జవాబు మారుతుంటుంది. ఆ మార్పు పట్టుకున్నారంటే ఏ భాగం ఎందుకుందో సగం మీకే తెలిసిపోతుంది.

1. సీటు ఎంచుకోండి

రెక్క వెనక అంచు దాటాక రెండు మూడు వరుసల తర్వాత కూర్చోండి. సీట్ల పటంలో రెక్క ఎక్కడుందో చాలావరకు గీసే ఉంటుంది. సరిగ్గా రెక్క మీద కూర్చుంటే రేకు తప్ప ఏమీ కనపడదు. ముందు వైపైతే ఇంజన్ బాగా కనిపిస్తుంది, కానీ కదిలే భాగాలు ఎక్కువగా ఉండేది వెనక అంచులోనే. రెండోసారి వెళ్లినప్పుడు ముందు కూర్చోండి.

ఒక జాగ్రత్త. కొన్ని మోడళ్లలో ఒకట్రెండు వరుసలకు కిటికీ ఉండదు, ఆ గోడలోంచి ఏసీ గొట్టాలు పైకి వెళ్తాయి. కిటికీ సీటని తీసుకుని గోడకేసి చూస్తూ కూర్చున్న అనుభవం నాకుంది.

2. ఎక్కేముందు గేటు అద్దంలోంచి మొత్తం ఆకారం చూడండి

ఇప్పుడు బరువంతా చక్రాల మీద ఉంది. ఎయిర్‌బస్ ఏ320 లాంటిది నిండుగా బయల్దేరితే దాదాపు 78 టన్నులు. దాన్ని మోసేవి ఆరే ఆరు చక్రాలు: ముక్కు కింద రెండు, రెక్కల మొదట్లో ఇటు రెండు, అటు రెండు. ముక్కు చక్రాల మీద పడేది పదో వంతు బరువే, మిగతాదంతా వెనక నాలుగింటి మీదే. బరువు కేంద్రానికి కాస్త వెనకగా ఆ నాలుగింటినీ పెట్టారు. ఇంకా వెనక్కి జరిపితే టేకాఫ్‌లో ముక్కు పైకి లేవదు, ముందుకు జరిపితే విమానం నేల మీదే తోక మీద కూలబడుతుంది.

చక్రాల పైన స్తంభంలో అద్దంలా మెరిసే ఉక్కు కడ్డీ కనిపిస్తుంది. స్తంభం లోపల నూనె, నైట్రోజన్ వాయువు ఉంటాయి. బరువు పడితే కడ్డీ లోపలికి దిగుతుంది, వాయువు నొక్కుకుని స్ప్రింగులా పనిచేస్తుంది, నూనె సన్నని రంధ్రం గుండా వెళ్తూ ఆ కుదుపును మింగేస్తుంది. మెరిసే భాగం ఎంత పొడవు బయటికి కనిపిస్తోందో ఒకసారి కంటితో కొలిచి గుర్తుపెట్టుకోండి. ప్రయాణం చివర్లో ఆ కొలత కావాలి.

తర్వాత మొండెం. ఫ్యూజలేజ్ అనే మాట ఫ్రెంచిలో కదురు నుంచి వచ్చింది. రెండు కొసలా సన్నబడే నూలు కదురును మనసులో పెట్టుకుని చూడండి, ఆ పేరు మళ్లీ మర్చిపోరు. ముక్కు కొస మాత్రం లోహంతో చేయరు. దాని వెనక వాతావరణ రాడార్ ఉంటుంది, రేడియో తరంగాలు లోహం గుండా వెళ్లవు.

తోకను ఎంపెనాజ్ అంటారు. ఇదీ ఫ్రెంచి మాటే, బాణానికి ఈకలు కట్టడం అని మూలం. ఈకలు లేని బాణం గాల్లో పల్టీలు కొడుతుంది, విమానం కూడా అంతే. నిలువుగా ఉన్నది ఒకటి, అడ్డంగా రెండు. అడ్డ తోక మొండెంతో కలిసేచోట చిన్న గీతల గుర్తులు కనిపిస్తే గమనించండి. ఆ అడ్డ తోక మొత్తంగా కొద్ది డిగ్రీలు పైకీ కిందికీ తిరగగలదు, ఎంత తిరిగిందో చూసుకోవడానికే ఆ గీతలు.

ఇంజన్ రెక్కకు అంటుకుని ఉండదు. పైలాన్ అనే గట్టి చేయి రెక్క కింది నుంచి ముందుకు చాచి దాన్ని పట్టుకుంటుంది. ఎదురుగా ఉన్నది కొత్త తరం బోయింగ్ 737 అయితే ఇంజన్ మూతి అడుగున నొక్కినట్టు ఉంటుంది. 1960లలో చిన్న ఇంజన్ల కోసం గీసిన పొట్టి కాళ్ల విమానం అది. తర్వాత పెద్ద ఇంజన్లు వచ్చాయి, కాళ్లు మాత్రం పెద్దగా పెరగలేదు. నేలకు తగలకుండా ఇంజన్ తొడుగునే చదును చేశారు. రెక్కలు మొండెం పైన ఉండి ప్రొపెల్లర్లు కనిపిస్తే అది ఏటీఆర్ లాంటిది. దాని చక్రాలు మొండెం పక్కల ఉబ్బుల్లోకి ముడుచుకుంటాయి, అడ్డ తోక నిలువు తోక నెత్తిన కూర్చుంటుంది.

3. తలుపు దగ్గర రెండు సెకన్లు ఆగి రివెట్లు చూడండి

వెనకవాళ్లు తోస్తారు, అయినా చూడండి. తలుపు పక్కన రేకు మీద రివెట్లు బారులు తీరి ఉంటాయి. నిలువు బారు ఉన్నచోట లోపల ఉంగరంలాంటి చట్రం ఉన్నట్టు, దాన్ని ఫ్రేమ్ అంటారు. అడ్డ బారుల వెనక ముక్కు నుంచి తోక దాకా సాగే సన్నని కడ్డీలుంటాయి, అవి స్ట్రింగర్లు. బుట్ట అల్లికను తలుచుకోండి, నిలువు ఈనెలూ చుట్టు ఈనెలూ కలిసి ఆకారాన్ని పట్టి ఉంచుతాయి. వాటి మీద కప్పిన అల్యూమినియం రేకు చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే.

అంత పల్చటి రేకా అని టెన్షన్ పడకండి. పాత విమానాల్లో చెక్క చట్రం మీద గుడ్డ కప్పేవారు. గాలిపటంలో పుల్లలే బలం కదా, కాగితం గాలిని ఆపడానికే. అదీ అలాంటిదే. తర్వాత కోడిగుడ్డు పెంకులాగా రేకు ఒక్కటే మొత్తం బలమయ్యే పద్ధతి వచ్చింది. అది తేలికే గానీ ఎక్కడైనా సొట్ట పడితే బలమంతా పోతుంది. ఇప్పటి పద్ధతి ఈ రెంటికీ మధ్యది, పేరు సెమీ మోనోకాక్. చట్రమూ, కడ్డీలూ, రేకూ బరువును పంచుకుంటాయి. వంపును కడ్డీలు తట్టుకుంటే, మెలితిప్పుడును రేకు ఆపుతుంది. రేకు ముడతపడకుండా చట్రాలు కాస్తాయి.

రివెట్ల బారులు దాదాపుగా లేకుండా నున్నగా ఉంటే అది బోయింగ్ 787 కావచ్చు. దాని నిర్మాణం బరువులో సుమారు సగం కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాలే. మొండెం పెద్ద పెద్ద పీపాల్లా చుట్టి తయారుచేసి, వాటిని ఒకదానికొకటి బిగిస్తారు.

4. కూర్చున్నాక కిటికీని చూడండి, బయటికి కాదు

కిటికీకీ కిటికీకీ మధ్య దూరం కొలవండి. సుమారు అర మీటరు ఉంటుంది. ఇందాక చెప్పిన ఫ్రేమ్‌ల మధ్య దూరం అదే, ప్రతి కిటికీ రెండు ఫ్రేమ్‌ల మధ్యలోనే రావాలి. సీట్ల మధ్య ఎడం మాత్రం విమానయాన సంస్థ ఇష్టం. అందుకే మీ సీటు, మీ కిటికీ ఒకదానికొకటి సరిపోవు. ఫ్రేమ్‌ను కోసి కిటికీ జరిపేవాళ్లెవరూ లేరు.

ఇప్పుడు మూలలు చూడండి, గుండ్రంగా ఉంటాయి. దీని వెనక పెద్ద విషాదమే ఉంది. 1952లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన తొలి జెట్ విమానం బ్రిటన్‌కు చెందిన డి హావిలాండ్ కామెట్. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి గాల్లోనే ముక్కలయ్యాయి. కారణం వెతకడానికి ఒక కామెట్ మొండేన్ని పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల ఒత్తిడిని మళ్లీ మళ్లీ పెంచుతూ తగ్గిస్తూ పోయారు. చివరికి కిటికీ లాంటి ఒక రంధ్రం మూల దగ్గర చీలిక పుట్టి రేకు చిరిగిపోయింది. ప్రతి ప్రయాణంలోనూ మొండెం బెలూన్‌లా కొద్దిగా ఉబ్బి మళ్లీ తగ్గుతుంది. ఆ లాగుడంతా చదరపు మూలల దగ్గర పోగుపడుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగినట్టు, లోహం అక్కడ అలిసిపోయింది.

ఆ ఒత్తిడి తక్కువేం కాదు. 35 వేల అడుగుల ఎత్తులో బయట గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో నాలుగో వంతుకు పడిపోతుంది. లోపల మనకు ఊపిరాడేలా, సుమారు 8 వేల అడుగుల కొండ మీద ఉన్నంత పీడనం నిలుపుతారు. ఆ తేడా వల్ల గోడ మీద ప్రతి చదరపు మీటరునూ లోపలి గాలి అయిదు టన్నులకు పైగా బలంతో బయటికి నెడుతుంటుంది. ఇక్కడా మన ప్రశ్న వేసుకోండి: కిటికీలో ఆ బలాన్ని మోస్తున్నది ఎవరు? మూడు పొరల్లో మీ వేలికి తగిలేది గీతలు పడకుండా పెట్టిన ప్లాస్టిక్ మాత్రమే. మధ్య పొర అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, కనిపెట్టండి. దాని వల్ల మధ్య పొరకు రెండు వైపులా పీడనం ఒకటే అవుతుంది, బలమంతా బయటి పొర మోస్తుంది. బయటిది పగిలితే మధ్యది ఆ పని అందుకుంటుంది.

5. రన్‌వేకి వెళ్లే దారిలో రెక్క వెనక అంచు మీంచి చూపు తిప్పకండి

ముందు ఫ్లాప్‌లు కొద్దిగా బయటికి వస్తాయి. రెక్క కింద పడవల్లా వేలాడే తొడుగులు కనిపిస్తే వాటిలోనే ఫ్లాప్‌లను నడిపే పట్టాలుంటాయి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు రెక్కకు వంపూ వైశాల్యమూ పెరగాలి, ఫ్లాప్‌లు చేసేది అదే. ముందు అంచులోని స్లాట్‌లు అనే పలకలు కూడా కిందికి జారుతాయి గానీ మీ సీటు నుంచి కనిపించవు.

తర్వాత పైలట్ కంట్రోల్స్ సరిచూసుకుంటారు. రెక్క కొస దగ్గరున్న చిన్న పలక పైకీ కిందికీ ఆడుతుంది. అది అయిలరాన్, చిన్న రెక్క అని అర్థం. అది పైకి లేచినప్పుడు అవతలి రెక్క మీదిది కిందికి దిగుతుంది. రెక్క పైభాగంలో కొన్ని పలకలు కూడా దాంతోపాటు లేస్తాయి, అవి స్పాయిలర్లు. ఇదే సమయంలో అడ్డ తోక వెనక అంచులోని పలక ఎలివేటర్, నిలువు తోక వెనక అంచులోని పలక రడ్డర్ కూడా కదులుతుంటాయి. మనకు కనపడవు.

ఏ320లో ఉంటే ఈ దశలో నేల కింద కుక్క మొరిగినట్టో, రంపం కోసినట్టో చప్పుడు రావచ్చు. నూనె ఒత్తిడితో భాగాలను కదిపే ఒక హైడ్రాలిక్ వ్యవస్థ నుంచి ఇంకోదానికి ఒత్తిడి అందించే యూనిట్ చప్పుడది. సామాన్ల గదిలో ఎవరూ ఇరుక్కోలేదు.

6. టేకాఫ్‌లో రెక్క కొస చూడండి

ఈ ప్రయాణం మొత్తంలో ఒక్కటే చూడగలిగితే ఇది చూడండి. రన్‌వే మీద వేగం పెరిగేకొద్దీ రెక్క కొస మెల్లగా పైకి లేస్తుంది. చక్రాలు ఇంకా నేల మీదే ఉంటాయి, రెక్క మాత్రం అప్పటికే బరువు ఎత్తుకోవడం మొదలుపెట్టేసింది. కొస లేచినంతమేర చక్రాల మీద భారం తగ్గినట్టు. 787 లాంటి పొడవాటి, వంగే రెక్కైతే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. చిన్న విమానాల్లో కాస్త శ్రద్ధగా చూడాలి, కొస వెనక ఉన్న చెట్టునో భవనాన్నో గుర్తుగా పెట్టుకుంటే సులువు.

నేల విడిచిన క్షణం నుంచి లెక్క తలకిందులైపోతుంది. అంతదాకా మొండెమూ రెక్కలూ చక్రాల మీద నిలబడ్డాయి. ఇప్పుడు మొండెం, మనుషులు, సామాన్లు, మోసి మోసి అలిసిన చక్రాలతో సహా అన్నీ రెక్కలకు వేలాడుతున్నాయి. కొన్ని సెకన్లకే కాళ్ల కింద దడేల్‌మని వినిపిస్తుంది. చక్రాలు ముడుచుకుని గూట్లోకి చేరాయి.

తొలి మలుపు తిరిగేటప్పుడు అయిలరాన్ మళ్లీ కదలడం చూస్తారు, విమానాన్ని పక్కకు ఒరిగించేది అదే. విమానం మలుపు తిరిగేది పక్కకు ఒరగడం వల్లే. పడవ చుక్కానిలా రడ్డర్ తిప్పుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మామూలు మలుపులో దాని పని కొంచెమే. గాలి పక్కనుంచి కొట్టినప్పుడూ, రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోయి ముక్కు ఒక పక్కకు లాగినప్పుడూ రడ్డర్ అవసరం తెలుస్తుంది. నిలువు తోక అంత పెద్దగా ఉండడానికి ముఖ్య కారణం ఆ రెండోదే.

7. పైకి చేరాక రెక్క లోపలికి ఊహతో వెళ్లండి

చూడ్డానికి ఇప్పుడేమీ కదలదు. కాఫీ తాగుతూ ఆలోచించుకునే సమయమిది.

రెక్క లోపల మొదట్నుంచి కొసదాకా సాగే పెద్ద దూలాలుంటాయి, స్పార్లంటారు. ఇంటి కప్పులో దూలం ఏం చేస్తుందో ఇవీ అదే చేస్తాయి, కాకపోతే ఇక్కడ బలం కింది నుంచి పైకి నెడుతుంది. దూలాలకు అడ్డంగా ముందు అంచు నుంచి వెనక అంచు వైపు పక్కటెముకలు వరసగా ఉంటాయి, రెక్క వంపును నిలబెట్టేది అవే. ముందు దూలం, వెనక దూలం, పైన కింద రేకులు కలిస్తే ఒక పెట్టె అవుతుంది. ఆ పెట్టె మొండెం అడుగు గుండా ఇటు రెక్క నుంచి అటు రెక్కకు సాగుతుంది. విమానం మొత్తానికి వెన్నెముక అదేనని నా అభిప్రాయం, పుస్తకాలు మాత్రం ఫ్యూజలేజ్‌నే ముందు చెబుతాయి.

ఆ పెట్టే ఇంధనం ట్యాంకు కూడా. ఏ320లో 24 వేల లీటర్ల దాకా పడుతుంది. రెక్కల్లోనే ఎందుకు పోయాలి? గాలి రెక్కను పైకి వంచుతుంటే, అందులోని ఇంధనం, కింద వేలాడే ఇంజన్ దాన్ని కిందికి లాగుతాయి. రెండూ కొంత రద్దయి, రెక్క మొదట్లో వంపు భారం తగ్గుతుంది. అందుకే మామూలుగా మధ్య ట్యాంకు ముందు ఖాళీ చేసి, రెక్కల్లోది తర్వాతికి ఉంచుతారు.

కుదుపుల్లో రెక్క ఊగితే విరుగుతుందేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. ఆ విమానానికి ఎప్పుడైనా ఎదురుకావచ్చని అంచనా వేసిన అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు మోపినా నిర్మాణం మూడు సెకన్లు నిలవాలనేది నిబంధన. 2010లో 787ను అలా పరీక్షించినప్పుడు రెక్క కొసలు సుమారు 25 అడుగులు పైకి వంగాయి, విరగలేదు. 1995లో బోయింగ్ 777 రెక్కలను విరిగేదాకా వంచితే ఆ అంచనా భారానికి 154 శాతం దగ్గర విరిగాయి. వంగడం రెక్కకు జబ్బు కాదు.

కొసన నిలువుగా మడిచినట్టున్నది వింగ్‌లెట్. రెక్క కింది గాలి కొస చుట్టూ పైకి జారి సుడి కడుతుంది, అందులో శక్తి వృథా అవుతుంది. వింగ్‌లెట్ ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. 1970లలో నాసా ఇంజనీరు రిచర్డ్ విట్‌కామ్ దీని మీద గట్టి పరిశోధన చేశాడు. వెనక అంచులో సన్నని పుల్లల్లా కనిపించేవి స్థిరవిద్యుత్తును గాల్లోకి వదిలేసేవి.

మరి అడ్డ తోక ఏం మోస్తోంది? ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. అది కొంత బరువు ఎత్తుతుందనుకుంటారు. నిజానికి చాలా విమానాల్లో మామూలు ప్రయాణంలో అది కిందికి నెడుతుంది. బరువు కేంద్రం రెక్క ఎత్తే చోటుకు కాస్త ముందుంటుంది కాబట్టి ముక్కు కిందికి వాలాలని చూస్తుంది, తోక వెనకనుంచి అదిమి దాన్ని నిలబెడుతుంది. అంటే రెక్కలు విమానం బరువుతోపాటు తోక అదుముడునూ మోయాలి. సాయానికొచ్చిన చుట్టం పని పెంచినట్టుంటుంది గానీ, ఆ చుట్టం లేకపోతే బాణం ఈకలు లేనిదే.

8. దిగేటప్పుడు వరస గుర్తుపెట్టుకోండి

ఎత్తు తగ్గించేటప్పుడు రెక్క పైన స్పాయిలర్లు కొంత లేచి విమానం సన్నగా వణకొచ్చు. వేగమో ఎత్తో త్వరగా వదిలించుకోవడానికి పైలట్ లేపినవే అవి. తర్వాత ఫ్లాప్‌లు దశలవారీగా జారుతూ వెనక్కీ కిందికీ వస్తాయి. టేకాఫ్‌లో వచ్చినంత కాదు, ఇప్పుడు చాలా ఎక్కువ. పలకల మధ్య సందుల్లోంచి నేల కూడా కనిపిస్తుంది. నన్ను భయపెట్టింది ఇదే. ఆ సందులు కావాలని పెట్టినవి, కింది గాలి వాటి గుండా పైకొచ్చి ఫ్లాప్ మీది గాలి చెదరకుండా చేస్తుంది. తర్వాత మళ్లీ దడేల్, గాలి హోరు పెరుగుతుంది. చక్రాలు దిగాయి.

నేల తాకగానే స్పాయిలర్లన్నీ ఒక్కసారిగా పూర్తిగా లేస్తాయి, రెక్క పొట్ట తెరిచినట్టు లోపలి కడ్డీలూ గొట్టాలూ కనిపిస్తాయి. బ్రేకు వేయడమే దాని ప్రధాన ఉద్దేశమనుకుంటాం. అది కొంతవరకే నిజం. చక్రాలు తాకినా రెక్కలు ఇంకా బరువు మోస్తూనే ఉన్నాయి, బరువు పడని చక్రానికి బ్రేకు వేస్తే జారుతుంది. స్పాయిలర్లు రెక్క ఎత్తే బలాన్ని చెడగొట్టి, బరువును చక్రాల మీదికి దించేస్తాయి. అదే సమయంలో చాలా విమానాల్లో ఇంజన్ తొడుగు వెనక సగం వెనక్కి జరిగి, ఫ్యాన్ గాలిని ముందుకు మళ్లిస్తుంది. ఆ హోరు అదే.

రెక్క కొసను మళ్లీ చూడండి, కిందికి వాలిపోయి ఉంటుంది.

9. దిగాక ఒక్కసారి వెనక్కి చూడండి

మెట్ల మీదుగా దిగితే మరీ మంచిది, లేదంటే గేటు అద్దంలోంచి. సామాన్లన్నీ దించేదాకా ఆగగలిగితే చక్రాల స్తంభంలో ఆ మెరిసే కడ్డీని మళ్లీ కొలవండి. మీరు ఎక్కేముందు చూసినదానికంటే ఇప్పుడు మామూలుగా ఎక్కువ భాగం బయటికి కనిపిస్తుంది, ఆ తేడా కాలిపోయిన ఇంధనానిదీ, దించేసిన సామాన్లదీ.